చరిత్ర – చరిత్రాభాస

మన పాఠశాల ప్లాటినం జూబ్లీ సంచిక కోసం పాఠశాల చరిత్రను సమకూర్చే పనిని ఉత్సవ సంఘంవారు నాకు అప్పగించినప్పుడు, ముందుగా ఊరి పెద్దలను కలిసి వారికి తెలిసిన విషయాలు వ్రాసుకున్నాను. వారిలో ముగ్గురు ఒకే మాట చెప్పారు: "అమ్మా, ఈ బడికి పునాదిరాయి వేసింది సాక్షాత్తు గాంధీగారే. ఆ మాట మొదటి పేజీలోనే వేయించండి." ఆ మాట వినగానే నా ఒళ్ళు పులకరించింది. అటువంటి వాక్యం తన బడి చరిత్రలో ఉండాలని ఏ ప్రధానోపాధ్యాయినికి మాత్రం ఉండదు?

ఇంటికి వచ్చి లెక్క వేసుకున్నాను. గాంధీజీ 1948 జనవరి 30న దివంగతులయ్యారు. మన బడికి ఇప్పుడు నిండినవి డెబ్బై అయిదేళ్లు. మరునాడు బీరువా అడుగున ఉన్న మొదటి అడ్మిషన్ రిజిస్టరును తీసి చూశాను. అందులోని మొదటి పేరు గాంధీజీ మరణానికి తరువాత చేరినదే. పునాదిరాయి ముందే వేసి ఉండవచ్చు గదా అని సందేహం వచ్చింది. స్థలం ఇచ్చిన దాతల దానపత్రం తిరగవేశాను. దాని తేదీ కూడా ఆ తరువాతిదే. పునాదిరాయి వేయడానికి నాటికి మనకు నేల లేదు.

ఈ సంగతి సంఘంలో చెప్పినప్పుడు ఒక సభ్యుడు సౌమ్యంగానే అడిగారు: "నలుగురికీ సంతోషం కలిగించే మాట కదమ్మా! ఉండనిస్తే ఎవరికి నష్టం?" ఆ ప్రశ్నకు వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు నేను ఆలోచించి చెబుతున్న సమాధానం.

తర్కశాస్త్రంలో 'హేత్వాభాస' అనే మాట ఉంది. హేతువు వలె కనిపించి, నిజానికి హేతువు కానిది హేత్వాభాస. అదే విధంగా చరిత్ర వలె కనిపిస్తూ చరిత్ర కానిదానిని చరిత్రాభాస అనవచ్చును. అందులోనూ తేదీలు ఉంటాయి, శాసనాల పేర్లు ఉంటాయి, శ్లోకాలు ఉంటాయి. పైచూపుకు తేడా తెలియదు.

ముందుగా రెండు విషయాలు స్పష్టం చేసుకోవాలి. పొరపాటు చరిత్రాభాస కాదు. మహాపండితులు కూడా పొరబడతారు. అట్లే ఐతిహ్యమూ చరిత్రాభాస కాదు. కల్నల్ మెకంజీ పనుపున కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు మొదలైనవారు దక్షిణదేశమంతా తిరిగి గ్రామగ్రామాన సేకరించిన కైఫీయత్తులు మన చెన్నై ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. వాటిలో దేవతలు కలలో కనిపించి గుడి కట్టమన్న కథలున్నాయి, పన్నుల లెక్కలూ ఉన్నాయి. కథను ఆ ఊరివారి విశ్వాసానికి సాక్ష్యంగాను, లెక్కను ఆనాటి ఆదాయానికి సాక్ష్యంగాను చదివినంతవరకు రెండూ చరిత్రకారునికి ఉపకరించేవే. దేనిని దేనికి సాక్ష్యంగా చూపుతున్నామన్న వివేకం తప్పినచోటనే చరిత్రాభాస మొదలవుతుంది.

మన తెలుగువారిలోనే ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ ఉన్నది. విజయవాడకు చెందిన కోట వెంకటాచలంగారు (1885–1959) గొప్ప పరిశ్రమశీలి, దేశాభిమాని. ఆయన 1953లో ఆంగ్లంలో ప్రచురించిన 'ది ప్లాట్ ఇన్ ఇండియన్ క్రోనాలజీ' అన్న గ్రంథంలోను, తెలుగు రచనలలోను, మన పాఠ్యపుస్తకాలలోని ప్రాచీన భారత కాలనిర్ణయమంతా పాశ్చాత్యుల కుట్ర అని వాదించారు. ఆయన లెక్క ప్రకారం మౌర్య చంద్రగుప్తుడు క్రీ.పూ. 1534 నాటివాడు. అశోకుడు క్రీ.పూ. 1472లో రాజయ్యాడు. అలెగ్జాండరు నాటి చంద్రగుప్తుడు మౌర్యుడు కాడు, గుప్తవంశపు రాజు.

వారి ఆవేదనకు కారణం లేకపోలేదు. జేమ్స్ మిల్ భారతదేశంలో అడుగైనా పెట్టకుండా 1817లో మన దేశ చరిత్ర వ్రాసి, మన నాగరికతను తక్కువ చేసి చూపాడు. అటువంటి వ్రాతలను చదివి పెరిగిన తరానికి పాశ్చాత్యులు చెప్పినదల్లా అనుమానించాలని తోచడం సహజమే. అనుమానం చరిత్రకారుని మొదటి గుణం కూడా. అయితే ఆ అనుమానాన్ని తనకు ఇష్టమైన సిద్ధాంతం మీద కూడా ప్రయోగించాలి.

గ్రీకులు పేర్కొన్న 'సాండ్రకోటస్' మౌర్య చంద్రగుప్తుడేనని సర్ విలియం జోన్స్ 1793లో ప్రకటించాడు. మరుసటి సంవత్సరమే మరణించాడు. అప్పటికి అశోకుని శాసనాలను చదవగలవారు ఎవరూ లేరు. బ్రాహ్మీ లిపిని జేమ్స్ ప్రిన్సెప్ 1837లో పరిష్కరించిన పిమ్మట ఆ శిలలు మాట్లాడసాగాయి. పదమూడవ శిలాశాసనంలో అశోకుడు తన కాలపు యవనరాజులను అయిదుగురిని పేర్కొన్నాడు: అంతియోక, తురమాయ, అంతెకిన, మక, అలికసుదర. గ్రీకు చరిత్రలలో అంతియోకస్, టాలెమీ, అంటిగోనస్, మగస్, అలెగ్జాండర్ అనే అయిదుగురు రాజులు ఒకే కాలంలో ఏలిన సమయం క్రీ.పూ. మూడవ శతాబ్ది మధ్యభాగం. జోన్స్ ఊహించిన కాలానికి, అతడు చూడని శాసనం స్వతంత్రంగా సాక్ష్యం చెప్పింది.

ఆ చతుర్దశ శిలాశాసనాల ప్రతి ఒకటి తెలుగునేల మీదనే, కర్నూలు జిల్లా ఎర్రగుడిలో 1929లో బయటపడింది. కుట్ర అన్నది నిజమైతే, మరణించిన జోన్స్ కోసం ఎర్రగుడి బండ మీద ఇరవైరెండు శతాబ్దాల క్రితమే ఎవరో అక్షరాలు చెక్కి ఉండాలి! ఈ చిక్కును దాటడానికి వెంకటాచలంగారు, ఆ అయిదుగురూ గ్రీసు దేశపు రాజులు కారనీ, భారత సరిహద్దులలోని వేరే యవనరాజులనీ అన్నారు. కాని క్రీ.పూ. పదిహేనవ శతాబ్దిలో ఆ పేర్లుగల అయిదుగురు రాజులు ఉన్నారనడానికి నాణెం లేదు, శాసనం లేదు. ఒక సిద్ధాంతాన్ని నిలుపుకోవడానికి మరొక ఊహను, దానిని నిలుపుకోవడానికి ఇంకొక ఊహను చేర్చుకుంటూ పోవడం చరిత్రాభాసకు మొదటి లక్షణం.

రెండవ లక్షణం, ఆధారాన్ని పరీక్షకు నిలబెట్టకపోవడం. ఈ కాలగణన వాదులకు ముఖ్యమైన ఆధారం 'కలియుగరాజవృత్తాంతం' అనే గ్రంథం. మద్రాసు న్యాయవాది టి.ఎస్. నారాయణశాస్త్రిగారు 1916లో వెలువరించిన తమ 'శంకరుల కాలం' అన్న ఆంగ్లగ్రంథంలో దీనిని ఉదాహరించారు. చరిత్రకారుడు ఆర్.సి. మజుందారుగారు దీనిని పరిశీలించి, ఇది ప్రాచీనగ్రంథం కాదని, ఆధునిక కల్పన అని వాదించారు. గుప్తరాజులను గురించి ఆధునిక పండితులు శాసనాలనుండి, నాణేలనుండి కూర్చుకున్న విషయాలు అందులో శ్లోకాలై కనిపించడమే ఆయన అనుమానానికి మూలం. పరీక్షలో ఒక విద్యార్థి జవాబు పక్కవాని జవాబుతో కలిస్తే అనుమానిస్తాము. పక్కవాడు కొట్టివేసి దిద్దుకున్న తప్పు కూడా కలిస్తే ఇక అనుమానమే అక్కరలేదు. ఉపాధ్యాయులందరికీ తెలిసిన ఈ కిటుకే గ్రంథపరిశోధనలోనూ పనికివస్తుంది.

కూటశాసనాలను పట్టుకోవడానికి ఇంకా చిత్రమైన సాధనాలున్నాయి. కన్నడదేశంలో శివమొగ్గ ప్రాంతాన దొరికిన కొన్ని తామ్రశాసనాలు, పాండవవంశీయుడైన జనమేజయ చక్రవర్తి సర్పయాగం చేసినప్పుడు ఇచ్చిన దానాలమని చెప్పుకొంటాయి. వానిలో ఒకదానిలో సూర్యగ్రహణ ప్రస్తావన ఉంది. దానిని గణితం చేసి చూడగా అది క్రీ.శ. 1521 నాటి గ్రహణమని తేలింది. శాసన పరిశోధకుడు ఫ్లీట్ వీటిని కూటశాసనాల జాబితాలో చేర్చాడు. మనుషుల మాట కొంటే కొనవచ్చును గాని సూర్యచంద్రుల మాట కొనలేము. అయినా చరిత్రకారుడు ఆ రాగిరేకులను పారవేయడు. జనమేజయుని గురించి అవి ఏమీ చెప్పకపోయినా, తమ భూములకు పాతపత్రం అవసరమని తలచిన తరువాతి కాలపువారి అవసరాల గురించి ఎంతో చెబుతాయి.

అసలైన శాసనాన్ని అపార్థం చేసుకోవడమూ ఉన్నది. చాళుక్య రెండవ పులకేశి నాటి ఐహోళె శాసనం నిక్కమైనది. భారతయుద్ధం జరిగి 3,735 సంవత్సరాలైనదని, శకవర్షాలు 556 గడిచినవని రవికీర్తి అందులో వ్రాశాడు. అనగా క్రీ.శ. 634. యుద్ధం క్రీ.పూ. 3102 ప్రాంతంలో జరిగినదనడానికి దీనినే రుజువుగా చూపుతారు. కాని మూడువేల ఏడువందల ఏళ్ల తరువాత వ్రాసినవాడు ఆ యుద్ధానికి సాక్షి కాడు. ఏడవ శతాబ్దిలో పండితులు ఆ లెక్కను నమ్మేవారనడానికి మాత్రం ఆయన తిరుగులేని సాక్షి.

ఈ జాడ్యం ఒక జాతికో ఒక భాషకో పరిమితం కాదు. 1864లో ఫిలిప్ స్క్లేటర్ అనే జంతుశాస్త్రజ్ఞుడు, లెమూరు అనే జంతువులు మడగాస్కర్‌లోను వాటి శిలాజాల వంటివి భారతదేశంలోను ఎలా ఉన్నాయో చెప్పడానికి, సముద్రంలో మునిగిన 'లెమూరియా' అనే భూఖండాన్ని ఊహించాడు. భూఫలకాల చలనం తెలిసిన పిమ్మట శాస్త్రజ్ఞులు ఆ ఊహను విడిచిపెట్టారు. మన పొరుగు తమిళ సోదరులలో కొందరు దానినే తమ ఆదిమ మాతృభూమిగా భావించి నేటికీ విడిచిపెట్టలేదు. ఐరోపాలో ఇది మరింత క్రూరమైన రూపం ధరించింది. హిట్లరు యూదులను సంహరించిన దారుణాన్ని కాదన్న డేవిడ్ ఇర్వింగ్ అనే రచయిత, తనను విమర్శించిన చరిత్రకారిణి డెబోరా లిప్‌స్టాట్ మీద లండనులో దావా వేశాడు. కేంబ్రిడ్జి ఆచార్యుడు రిచర్డ్ ఎవాన్స్ ఇర్వింగ్ పుస్తకాలలోని అధోజ్ఞాపికలను ఒక్కొక్కటిగా మూలపత్రాలతో సరిచూశాడు. 2000 ఏప్రిల్‌లో న్యాయస్థానం ఇర్వింగ్ దావాను కొట్టివేసింది. తేలినదేమంటే, అతని తప్పులన్నీ ఒకే వైపు మొగ్గి ఉన్నాయి. పొరపాటు చేసే దుకాణదారు ఒకసారి తనకు, ఒకసారి మనకు నష్టం చేస్తాడు. ప్రతిసారీ తనకే లాభం వచ్చేలా లెక్క తప్పేవాడిది పొరపాటు కాదు.

మరి నిజమైన చరిత్రకారుడు ఎలా ఉంటాడు? పట్టాలతో దీనికి సంబంధం లేదు. మల్లంపల్లి సోమశేఖరశర్మగారు (1891–1963) విశ్వవిద్యాలయ పట్టా లేకుండానే శాసనాలను చదివి చదివి చరిత్రకారులైన మహనీయులు. కొమర్రాజు లక్ష్మణరావుగారి ఆంధ్ర విజ్ఞాన సర్వస్వంలో పనిచేసి తీర్చిదిద్దుకొన్న చేయి అది. 1323లో ఓరుగల్లు పతనమైన తరువాత తెలుగుదేశంలో ఏమి జరిగినదో శతాబ్దాలపాటు జనం మరచిపోయారు. ముసునూరి ప్రోలయ నాయకుడు, కాపయ నాయకుడు అనే వీరులు తెలుగు నాయకులను కూడగట్టి స్వాతంత్ర్యాన్ని నిలిపిన గాథను శర్మగారు తామ్రశాసనాలనుండి వెలికితీసి, 1945లో 'విస్మృతాధ్యాయం' అనే అర్థం వచ్చే పేరుతో ఆంగ్లంలో ప్రకటించారు. ఆ ఆధారాలలో అనితల్లి వేయించిన కలువచేరు శాసనం ఒకటి. కాపయను డెబ్బై అయిదుగురు నాయకులు సేవించారని అది చెబుతుంది. ఆ శాసనం 1423 నాటిది, అనగా సంఘటనలకు దాదాపు నూరేళ్ల తరువాతిది. కనుక ఆ ఒక్కదానితో తృప్తిపడక ఇతర శాసనాలతోను, పారశీక చరిత్రలతోను పోల్చిచూడవలసి వచ్చింది. తెలుగువారికి గర్వకారణమైన ఒక అధ్యాయం ఇలా దొరికింది. కల్పన చేయలేని ఉపకారం పరిశీలన చేసింది.

చరిత్రకారుడు తన మాటను మార్చుకోవడానికి సిగ్గుపడడు. శాతవాహనుల తొలినివాసం ఏదన్న విషయంలో పండితులు కృష్ణాతీరమని, మహారాష్ట్రమని, బళ్ళారి ప్రాంతమని వాదులాడుకున్నారు. 1970లలో కరీంనగర్ జిల్లా కోటిలింగాలలో ఆ వంశమూలపురుషుడైన శ్రీముఖుని నాణేలు దొరికాయి. పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు వాటిని పరిశీలించి లోకానికి తెలిపారు. గోదావరీతీరపు తెలంగాణ ఒక్కసారిగా ఆ చర్చకు నడుమకు వచ్చింది. చర్చ ముగియలేదు. ముగియకపోవడం చరిత్రకు లోపం కాదు, ఆరోగ్యం.

చరిత్రకారులకు మన ప్రాచీనత అంటే గిట్టదని కొందరి అపోహ. అందుకు సమాధానం మన జిల్లాలోనే ఉన్నది. పూండి జలాశయం నుండి కాలువ వెంట మన శోళవరం చెరువుకు నీరు వస్తుంది. 1996 నుండి తెలుగుగంగ ద్వారా కృష్ణమ్మ కూడా పూండికి చేరుతున్నది. ఆ పూండికి సమీపంలోని అత్తిరంపాక్కంలో రాబర్ట్ బ్రూస్ ఫూట్ 1863లో ఆదిమానవుల రాతిగొడ్డళ్లను కనుగొన్నాడు. చెన్నైకి చెందిన శాంతి పప్పు, కుమార్ అఖిలేశ్ అక్కడ ఏళ్ల తరబడి త్రవ్వకాలు జరిపి, సహపరిశోధకులతో కలిసి 2011లో ఫలితాలు ప్రకటించారు. ఆ పనిముట్లు సుమారు 15 లక్షల సంవత్సరాల నాటివి. అంతకుముందు పండితులు అనుకున్నదానికంటె అది ఎంతో ప్రాచీనం. ఎవరూ కుట్ర అనలేదు, ఎవరూ దాచలేదు. రాతిని కప్పిన మట్టిపొరలను ప్రయోగశాలలో పరీక్షించి చెప్పారు గనుక ప్రపంచం అంగీకరించింది. ఏ కాలగణన వాదీ కలలో కూడా కోరుకోని ప్రాచీనతను విజ్ఞానశాస్త్రం మన గుమ్మం ముందుకు తెచ్చి పెట్టింది.

ఆ రాతిగొడ్డలి తెలుగూ పలకదు, తమిళమూ పలకదు. తమిళనాట తెలుగు చదువుకొనే మన పిల్లలకు ఇది ఎంత అవసరమైన పాఠమో తల్లిదండ్రులకు వేరుగా చెప్పనక్కరలేదు. "మీరు నిన్న వచ్చినవారు" అని ఒకరు అంటారు. "లోకంలోని భాషలన్నీ తెలుగునుండే పుట్టాయి" అని మరొకరు ఫోనులో సందేశం పంపుతారు. మొదటి మాటకు బాధపడి రెండవ మాటను నమ్మే బిడ్డ రెండుసార్లు మోసపోతాడు. మనకు ఈ నేల మీద నిలబడడానికి కట్టుకథ అక్కరలేదు. ఇక్కడ పుట్టి, ఇక్కడ దున్ని, ఇక్కడ చదువుకొని, పక్కవారి భాషను నేర్చి మన భాషను నిలుపుకున్నామన్న నిజం చాలు.

అందుచేత మా తరగతులలో పిల్లలకు మూడు ప్రశ్నలు నేర్పుతున్నాము. ఈ మాట ఎవరు చెప్పారు, వారికి ఎలా తెలిసింది? దీనికి ఎదురు సాక్ష్యం ఏమైనా ఉన్నదా? ఏది దొరికితే ఈ మాట తప్పని ఒప్పుకుంటారు? మూడవ ప్రశ్నకు "ఏది దొరికినా ఒప్పుకోము" అన్నది సమాధానమైతే, అది చరిత్ర కాదు.

ఈ మూడు ప్రశ్నలతోనే నేను ఊరి పెద్దల వద్దకు మళ్ళీ వెళ్ళాను. "గాంధీగారి సంగతి మీకెవరు చెప్పారు తాతగారూ?" అని అడిగాను. ఇద్దరు మూడవవారిని చూపించారు. ముగ్గురు సాక్షులు ఒక్కరే అయ్యారు. ఆయన కొంతసేపు కళ్ళు మూసుకొని, "మా నాయన చెప్పేవాడమ్మా" అన్నారు. మెల్లమెల్లగా అడగగా అసలు సంగతి వచ్చింది. 1946 జనవరిలో దక్షిణ భారత హిందీ ప్రచార సభ రజతోత్సవాలకు గాంధీజీ మద్రాసు వచ్చారు. ఆ తాతగారి తండ్రి, మరికొందరు రైతులు ఆయనను చూడడానికి మన ఊరినుండి కాలినడకన వెళ్ళారట. దూరంనుంచే చూశారట. తిరిగివస్తూ దారిలో, మన పిల్లలకు మన భాషలో ఒక బడి ఉండాలని అనుకున్నారట. నలుగురూ కలిసి చందాలు పోగుచేసి బడి నిలబెట్టేసరికి గాంధీజీ లేరు.

నేను దానపత్రాన్ని మళ్ళీ తీశాను. దాతల వరుసలో ఆ తండ్రిగారి పేరు ఉన్నది. సంతకం లేదు, వేలిముద్ర ఉన్నది. చదువురాని ఆ మనిషి వేలిముద్ర మీద ఈ బడి డెబ్బై అయిదేళ్లుగా నిలిచి ఉన్నది.

"ఎవరికి నష్టం?" అని అడిగిన సభ్యునికి ఇప్పుడు సమాధానం చెప్పగలను. గాంధీగారికి నష్టం లేదు. ఆయనకు మన పునాదిరాయి అవసరం లేదు. నష్టం ఆ వేలిముద్ర వేసిన మనిషికి. మనం ఆ కథను అచ్చువేసి ఉంటే, ఆయనను ఆయన బడి చరిత్రలోనుంచే తుడిచివేసి ఉండేవారము. చరిత్రాభాస ఒక గొప్ప పేరును తెచ్చి నిలబెట్టిన ప్రతిచోటా, దాని నీడలో నిజంగా శ్రమపడిన ఎవరో ఒకరు మరుగున పడతారు.

దానపత్రం చదివి వినిపించినప్పుడు ఆ తాతగారు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "అయితే మా నాయన పేరే వేయించండమ్మా" అన్నారు. ఈ సంచిక మొదటి పేజీలో ఆ పేరు, ఆయనతో నడిచిన దాతలందరి పేర్లు దానపత్రంలో ఉన్న వరుసలోనే ముద్రించాము. పూర్వ విద్యార్థులలో ఎవరివద్దనైనా పాత ఫోటోలు, ఉత్తరాలు, మార్కుల పత్రాలు ఉన్నయెడల పాఠశాలకు అందజేయవలసిందిగా కోరుతున్నాను. నేను వ్రాసినదానిలో తప్పు ఉన్నట్లు వాటివలన తేలితే మరింత సంతోషిస్తాను. శతజయంతి సంచిక వ్రాసేవారికి ఆ దిద్దుబాటే మనం ఇచ్చే కానుక.